బావకి ఎడమ పక్క కుర్చీ

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ ఆదివారం టీ కూడా నేనే పెట్టాను. ఏడేళ్ళుగా మా ఇంట్లో ఆదివారం టీ నా చేతిదే. బాగా పెడతానని కాదు, అందరికంటే ముందు ఓడిపోయి ఖాళీగా ఉండేది నేను కాబట్టి.

ఆట, బావ ఫోన్‌లో చూసి నేర్చుకొచ్చిన పోకర్. చేతికి రెండు ముక్కలు. మధ్యలో ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. తెరిచినప్పుడల్లా పందెం. చేతిలోవీ మధ్యలోవీ కలిపి ఎవరికి పెద్ద జత పడితే గెలుపు వాళ్ళది. నమ్మకం ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళ పందేనికి సరిపడా వేసి కాల్ అంటారు, ఇంకాస్త ఉన్నవాళ్ళు పందెం పెంచి రేజ్ అంటారు, గుండె జారినవాళ్ళు ముక్కలు పడేసి ప్యాక్ అంటారు. ఆ మూడో మాటకి ఈ ఇంట్లో పేటెంట్ నాది. టేబుల్ మీద డబ్బు కనపడకూడదని అక్క ఆర్డర్. మాది డ్రైవింగ్ స్కూలు, వెనకాలే గ్యారేజీ, కాబట్టి వాషర్లతో ఆడతాం. చిన్న వాషర్ ఒకటి, పెద్దది పది. ప్రతి ఆటకీ ముందు తలా ఒక చిన్నది మధ్యలో వెయ్యాలి. నావి అలా ఒక్కొక్కటిగానే వెళ్ళిపోతాయి, ట్యాపు కారినట్టు.

బావ మాత్రం ముక్కలు చూడకుండానే రేజ్ చేస్తాడు. చూశాక ఇంకా చేస్తాడు. రోడ్డు మీద ఎలాంటి మనిషో టేబుల్ దగ్గరా అంతే. ఎర్రలైటు దగ్గర ఆగి ఆ లైటుకే హారన్ కొడతాడు. ఆయనంటే నాకు ప్రాణం. పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. కానీ ఇవాళ నా చేతిలో రాణుల జత ఉండగా, ఆయన ఒక్కసారి గట్టిగా గొంతు సవరించుకునేసరికి పడేశాను. తర్వాత తన ముక్కలు తిప్పి చూపించాడు. మూడు, ఎనిమిది. మా మెకానిక్ బిస్కట్ నములుతూ నా వైపు జాలిగా చూశాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

కోపంతో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పోనీ.

ఆట మధ్యలో, వాషర్లు తోసినంత తేలిగ్గా, తాబేలుని తుక్కుకి ఇచ్చేస్తున్నానన్నాడు బావ. తాబేలంటే మా స్కూలు మొదటి కారు. నేను నేర్చుకున్నదీ అందులోనే. దాని క్లచ్ ఎంత మెత్తబడిందంటే కాలు అమాంతం తీసేసినా కసురుకోదు, ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. కొత్త కార్లు అలా కాదు, కాస్త తేడా వస్తే గంతేసి ఆగిపోతాయి. అందుకే పొద్దున పది గంటల నిదానం బ్యాచ్ మొత్తం తాబేల్లోనే నడుస్తుంది. బ్యాచ్‌కి ఆ పేరు నేనే పెట్టాను. మిగతా స్కూళ్ళు చేతులెత్తేసినవాళ్ళు నా దగ్గరికొస్తారు. ఒక టైలరు, ఒక నర్సు, చేతులు వణికే ఒక తోటమాలి, రిటైరైన ఒక లెక్కల టీచరమ్మ.

బావ వాదన వేరు. ఇరవై రోజుల్లో రానిది ఇరవై ఏళ్ళకీ రాదట. తాబేలు షెడ్డులో కొత్త కారు పెడితే పది గంటలకి కుర్రవాళ్ళ బ్యాచ్ నడపొచ్చట. కుదరదన్నాను. కుదురుతుందన్నాడు. ఆ నలుగురి మొహాలు చూసి ఆ మాట నువ్వే చెప్పు బావా అన్నాను. ఆయన ఇంకా గట్టిగా కుదురుతుందన్నాడు. చివరికి అక్క చేతిలో ముక్కలు టేబుల్‌కేసి కొట్టింది. మీ గోలకి నా చెవులు చిల్లులు పడుతున్నాయి, ఈ టేబుల్ మీదే తేల్చుకోండి, మార్చి ఆఖరి ఆదివారం ఆటలో మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువసేపు మిగిలితే వాళ్ళ మాటే నెగ్గుతుంది అంది. నేను గెలిస్తే తాబేలూ ఉంటుంది, బ్యాచూ ఉంటుంది. బావ గెలిస్తే సోమవారం పొద్దున్నే తుక్కువాడు వస్తాడు.

బావ నవ్వుతూ చెయ్యి చాపాడు. మరదలా, టీ కూడా అదే రోజు స్పెషల్‌గా పెట్టు అన్నాడు. నేనూ చెయ్యి కలిపాను. ఆ తర్వాత పది నిమిషాల్లో మూడుసార్లు ప్యాక్ అయ్యాను.

ఫిబ్రవరి 9, సోమవారం, ఉదయం 11:40

టీచరమ్మకి చెప్పేశాను. కారు నేర్చుకునేవాళ్ళకి మనసు కలత పెట్టే మాటలు చెప్పకూడదు, నాకు తెలుసు. నోరు ఆగలేదు.

ఆవిడకి అరవై ఒకటి. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పింది. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు పోయింది. రోడ్డు మీద చెట్టు నీడ పడినా బ్రేకు తొక్కుతుంది. ఈ వయసులో కారెందుకని ఇంట్లోవాళ్ళు అడుగుతారట. ఆవిడ చెల్లెలు కొండ మీద ఊళ్ళో ఉంటుంది, రెండు గంటల దారి. వెనక్కొచ్చే ఆఖరి బస్సు నాలుగింటికి. ముప్పై ఏళ్ళుగా ఆ బస్సు కోసం మాట మధ్యలో లేచి వస్తున్నాను అమ్మాయ్, ఒక్కసారైనా మాట పూర్తి చేసి రావాలి అంది. అంతకంటే మంచి కారణం ఏ స్కూలు ఫారంలోనూ నేను చదవలేదు.

తాబేలు సంగతి విని, కారు పక్కకి ఆపింది. ఇండికేటర్ వేసి మరీ ఆపింది, అది మొదటిసారి. మీ బావ ఎలా ఆడతాడో చెప్పమంది. చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. క్లాసులో పేకముక్కలతో ప్రాబబిలిటీ చెప్పేదాన్నని, హెడ్మాస్టరు మూడు కట్టలు లాక్కున్నాడని, ఇలాంటి దూకుడు మనిషి మీద గెలవడం కష్టమైన లెక్కే కాదని అంది. కష్టమల్లా గెలిచేదాకా కుదురుగా కూర్చోవడమేనట.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఒప్పందం కుదిరింది. నేను ఆవిడకి స్టీరింగ్, ఆవిడ నాకు పేక.

ఫిబ్రవరి 15, ఆదివారం

హోంవర్క్ ఇచ్చింది. ఈ వారం గెలవాలని చూడకు, లెక్కపెట్టు చాలు అంది. పాత రసీదు వెనకాల గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. సరుకుల లిస్టు అనుకున్నారు.

నలభై ఆటలు. బావ రేజ్ చేసినవి ముప్పై ఒకటి. ఆఖరిదాకా వెళ్ళి ముక్కలు చూపించాల్సొచ్చినవి తొమ్మిది. అందులో నిజంగా సరుకున్నవి రెండు.

రెండు! ఏడేళ్ళు నేను ఎవరికి భయపడ్డానో తలుచుకుంటే నవ్వొచ్చి టీ ఒలికిపోయింది. మొరిగే కుక్క కరవదని సామెత. అక్క ఎదురుగా అనలేను కానీ డైరీలో అనొచ్చు.

ఫిబ్రవరి 18, బుధవారం

రసీదు చూసి టీచరమ్మ పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది. ఆయన అరుపుకి అర్థం వెతక్కు, అది ఆయన ఊపిరి తీసే పద్ధతి అంది. చెత్త ముక్కలొస్తే ఎప్పట్లాగే పడెయ్. కానీ కాస్త మంచివొస్తే పడెయ్యకు, అలాగని నువ్వు గట్టిగా మాట్లాడనూ మాట్లాడకు. కాల్ అను, అంతే. పందెం నీ బదులు ఆయనే పెంచుతాడు. మామూలు మనిషి మీద ఒక జతతో చివరిదాకా వెళ్ళడం సాహసం, ఇలాంటి మనిషి మీద అది మామూలు తెలివి. నిన్ను చూసి ఆయన ఆగుతాడని మాత్రం ఎప్పుడూ అనుకోకు.

ఆ వెంటనే వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసేసింది. నా వైపున్న బ్రేకు నేను తొక్కాను. అప్పుడు నా వంతు వచ్చింది. టీచరమ్మ గారూ, ఆ హారన్ మీతో ఏమీ చెప్పట్లేదు, అది లారీ అలవాటు, మీ దారిలో మీరుండండి అన్నాను. ఆవిడ మళ్ళీ స్టీరింగ్ పట్టుకుని, మనిద్దరం ఒకరి పాఠం ఒకరికి అప్పజెప్పుకుంటున్నామే అని నవ్వింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

నా బుద్ధి గడ్డి తింది.

మంచి ముక్కలు రావట్లేదని విసుగొచ్చి, ఈసారి నేనే బావని భయపెడదామనుకున్నాను. చేతిలో ఐదు, పది. ఉన్న వాషర్లన్నీ రెండు చేతులతో తోసి, కళ్ళు పెద్దవి చేసి కూర్చున్నాను. బావ కనీసం ముక్కలు కూడా సరిగా చూసుకోకుండా కాల్ అన్నాడు. ఆయన దగ్గర నాలుగుల జత. అది చాలు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. భయం తెలియని మనిషిని బెదిరించబోవడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. అక్కడికీ టీచరమ్మ ఆ మాట బుధవారమే చెప్పింది. రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో.

టీ నేనే పెట్టాను. చక్కెర మరిచిపోయాను.

ఫిబ్రవరి 25, బుధవారం

తిట్టలేదు. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో బొమ్మ గియ్యమంది. గీశాను. బావ, ఆయనకి ఎడమ పక్క అక్క, తర్వాత మెకానిక్, బావకి కుడి పక్క నేను. ఏడేళ్ళుగా అవే కుర్చీలు.

టీచరమ్మ తల పట్టుకుంది. ఆట ఎడమవైపుకి తిరుగుతుంది కదా, అంటే ప్రతిసారీ నువ్వు ముందు మాట్లాడతావు, ఆయన తర్వాత వచ్చి నీ మీద పడతాడు. నువ్వు ఆయనకి ఎడమ పక్కన కూర్చో. ఆయన ఏం చేశాడో చూసి అప్పుడు తేల్చుకో. దూకుడు బండిని ముందు పోనివ్వాలని నువ్వే కదా నాకు చెప్పావు అంది.

నిజమే, నేనే చెప్పాను. రోడ్డు మీద రోజుకి పదిసార్లు చెప్పే మాట, టేబుల్ దగ్గర ఏడేళ్ళు నాకే తట్టలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

అక్కని కుర్చీ అడిగాను. ఎందుకని అడగలేదు. అదేమిటో, అక్కడ కిటికీ గాలికి నా మెడ పట్టేస్తోంది, నువ్వే కూర్చో అంది. చలికాలం కూడా కిటికీలన్నీ తెరిచి పడుకునే మనిషి మా అక్క.

మార్చి 1, ఆదివారం

రెండోస్థానం! నేను!

మెకానిక్ ముందు పోయాడు, తర్వాత అక్క. ఏడేళ్ళలో మొదటిసారి టీ ఇంకొకరు పెట్టారు. మెకానిక్ పెట్టాడు, గ్రీజు వాసనేసింది, రెండు కప్పులు తాగాను.

ఆసుల జత వచ్చినప్పుడు సంగతి రాసి తీరాలి. పాత నేనైతే ఎగిరి గంతేసి రేజ్ చేసేదాన్ని, అందరూ ప్యాక్ అయ్యేవాళ్ళు, నాలుగు వాషర్లు దక్కేవి. ఇవాళ కుక్కిన పేనులా కూర్చున్నాను. బావ తోశాడు, కాల్ అన్నాను. మళ్ళీ తోశాడు. ఏమో బావా, చూద్దాంలే అంటూ కాల్ అన్నాను. ఆఖరి ముక్కకి కొండంత తోశాడు. నేను ముక్కలు తిప్పగానే ఆయన మొహం చూడాలి. మెకానిక్ బిస్కట్ కింద పడింది.

ఆఖరికి బావే గెలిచాడనుకోండి. అయినా నాకేం బాధ లేదు. ఒక్కటే చికాకు. ఎడమ పక్క కూర్చుంటే ఆయన తోలు చెప్పు చప్పుడు చెవిలో పడుతోంది. ఉండుండి టేబుల్ కింద కిర్రుమంటుంది.

మార్చి 4, బుధవారం

ఇవాళ చాలా పెద్ద సంగతి. నెమ్మదిగా రాస్తాను.

చౌరస్తా దగ్గర టీచరమ్మ నడుపుతోంది, బాగానే నడుపుతోంది. అయినా పక్కనుంచి ఒక సైకిల్ రాగానే నా కాలు నా వైపు బ్రేకు మీదికి వెళ్ళింది. తొక్కలేదు, వెళ్ళింది. ఆవిడ చూసింది. నీ మొహం ప్రశాంతంగానే ఉంది, నాకు ధైర్యం చెబుతూనే ఉన్నావు, కానీ నీ కాలుకి మాత్రం భయమేసింది అంది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళందరికీ అంతేనండీ, ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుంటే భయం ముందు కాలికి తెలుస్తుంది, తర్వాతే మనకి అని చెప్పాను.

చెప్పి, నోరెళ్ళబెట్టాను. బావ ముప్పై ఏళ్ళుగా పక్క సీట్లో కూర్చున్న మనిషి.

కిర్రు!

మార్చి 8, ఆదివారం

గెలుపోటములు పట్టించుకోలేదు, చెప్పు మీదే చెవి పెట్టాను. చేతిలో నిజంగా సరుకుంటే బావ వెనక్కి వాలి కాళ్ళు కుర్చీ కమ్మీ మీద పెట్టుకుంటాడు, చప్పుడుండదు. ఉత్త చేతులతో తోసినప్పుడు, ఎవరైనా కాల్ అంటారేమోనని ఎదురుచూసే ఆ రెండు క్షణాల్లో, లేని బ్రేకు మీద ఆయన కాలు పడుతుంది. పదకొండు కిర్రులు. పదకొండూ ఉత్తవే.

పాపం, మా బావకీ భయమేస్తుంది. నాకు ఈ రహస్యం తెలిసినందుకు సంతోషంగానూ ఉంది, ఆయన మీద ఇంకాస్త ప్రేమగానూ ఉంది.

మార్చి 15, ఆదివారం

అన్నీ సరిగ్గా చేశాను. అన్నీ. రాజుల జత. ఎదురుచూశాను, పోనిచ్చాను. బావ మొత్తం తోశాడు. కిర్రుమంది. కాల్ అన్నాను. తిప్పితే ఆయన దగ్గర ఏడు, రెండు. అంతకంటే పనికిమాలిన ముక్కలు కట్టలోనే లేవు.

మధ్యలో ఒక ఏడు తెరుచుకుంది. ఆఖరున ఇంకో ఏడు. మూడు ఏడుల ముందు నా రాజుల జత ఎందుకూ పనికిరాదు.

బావ లేచి కుర్చీ చుట్టూ డాన్స్ చేశాడు. నేను మేడ మీద నా గదికి వచ్చేశాను. ఇంకా రెండు ఆదివారాలే ఉన్నాయి. కిటికీలోంచి షెడ్డులో తాబేలు వెనక అద్దం కనిపిస్తోంది. ఏడ్చాను, ఎందుకు దాచాలి.

మార్చి 16, సోమవారం

ఇదే ఆట వందసార్లు ఆడితే ఎనభై ఏడెనిమిదిసార్లు నువ్వే గెలుస్తావు, నిన్న మిగతా పన్నెండింట్లో ఒకటి వచ్చింది, అది నీ తప్పు కాదు, వచ్చే ఆదివారం మళ్ళీ అలాగే ఆడు అంది టీచరమ్మ. పైగా అది మంచిదే అంది. ఏడు, రెండుతో గెలిచిన మనిషి ఇక ఎప్పటికీ ఆగడట.

ఆ తర్వాత ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ ముందుకి పోనివ్వడం ప్రాక్టీసు. నాలుగుసార్లు వెనక్కి జారింది. ఐదోసారి తాబేలు ఒక్కసారి దగ్గి, బుద్ధిగా ఎత్తెక్కింది. ఆవిడ అరిచిన అరుపుకి ఎవరో కిటికీ తెరిచి చూశారు.

మార్చి 22, ఆదివారం

మళ్ళీ రెండోస్థానం. కానీ ఏదో తేడాగా ఉంది.

నేను బావని చదువుతున్నాను, సరే. ఆయన కూడా నన్ను చదువుతున్నాడు. నా చేతిలో సరుకున్నప్పుడు రెండుసార్లు హఠాత్తుగా ఆగిపోయాడు. నేను తటపటాయించిన ప్రతిసారీ ఇంకా తోశాడు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదే నేను. అసలాయన నా మొహం వైపు చూడను కూడా చూడలేదు.

మార్చి 25, బుధవారం

టీచరమ్మకి చెప్తే ఒకే ఒక ప్రశ్న అడిగింది. నువ్వు నేర్చుకునేటప్పుడు పక్క సీట్లో కూర్చుని, రోజంతా నీ కాళ్ళ వైపే చూసిందెవరు?

బావ.

నా చెప్పులకి చప్పుడు లేదు, రబ్బరువి. కానీ చూడ్డానికి చప్పుడెందుకు. ఏడేళ్ళుగా నేను ప్యాక్ అనకముందే నా కాలు అనేస్తోందన్నమాట. ఆయన గుడ్డిగా తోస్తున్నాడనుకున్నాను కదా, నా విషయంలో మాత్రం గుడ్డిగా కాదు.

ఏం చెయ్యాలని అడిగితే, కాళ్ళ సంగతి లెక్కల్లో రాదు అమ్మాయ్, అది నీ సబ్జెక్టు అంది.

మార్చి 28, శనివారం

దొరికింది. చాలా తేలిక. రేపటిదాకా డైరీకి కూడా చెప్పను.

మార్చి 29, ఆదివారం, మధ్యాహ్నం 2:20

నిదానం బ్యాచ్ నలుగురూ ఫోన్ చేశారు. తోటమాలి ఒకసారి దగ్గి పెట్టేశాడు. బావ కింద ఈల వేస్తున్నాడు. తుక్కువాడికి రేపు ఎనిమిదింటికి రమ్మని చెప్పాడట, అడ్రసు రెండుసార్లు చెప్పాడు, నాకు వినపడాలని.

వెళ్తున్నాను.

మార్చి 29, ఆదివారం, సాయంత్రం 6:15

వరసగా రాస్తాను.

కుర్చీలో కూర్చోగానే చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ పైకి తీసుకుని బాసింపట్టు వేసుకున్నాను. నడుం నొప్పిగా ఉందన్నాను. అక్క నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది. బావ టేబుల్ కింద ఏదో పడిపోయినట్టు ఒకసారి వంగి చూశాడు. లేచాక మొహం అదోలా ఉంది.

గంటలో అక్క ఆటలోంచి పోయింది. ఆ పోవడం కూడా ఎంత హాయిగా పోయిందో. వంటింట్లోకి వెళ్ళి ఏడేళ్ళలో మొదటిసారి ఆదివారం టీ తను పెట్టింది. మెకానిక్ ఇంకో అరగంట నిలబడి, ఉన్నవన్నీ బావకి సమర్పించుకుని బిస్కట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక మేమిద్దరమే.

బావ తోస్తూనే ఉన్నాడు. చిన్నవి వదిలేశాను, ఓ మోస్తరువి పట్టుకున్నాను. రెండుసార్లు చెప్పు చప్పుడు లేదు, జత చేతిలో ఉన్నా పడేశాను. ఆయన గుర్రుగా తన ముక్కలు చూపించాడు, రెండుసార్లూ నిజంగానే సరుకుంది. ఐదున్నరకి నా దగ్గర ఆయనకంటే ఓ పిడికెడు వాషర్లు ఎక్కువున్నాయి.

అప్పుడు నాకు ఆసు, తొమ్మిది వచ్చాయి. మధ్యలో రాజు, తొమ్మిది, నాలుగు. నాది తొమ్మిదుల జత. బావ తోశాడు, కాల్ అన్నాను. తర్వాత రెండు తెరుచుకుంది. మళ్ళీ తోశాడు. కాల్. ఆఖరి ముక్క రాణి. రాజు, రాణి రెండూ టేబుల్ మీద నవ్వుతున్నాయి. ఆయన చేతిలో వాటిలో ఏ ఒక్కటున్నా నా తొమ్మిదులు దండగే. బావ తన దగ్గరున్న వాషర్లన్నీ మోచేత్తో ముందుకి తోశాడు. కొన్ని టేబుల్ మీంచి దొర్లి కింద పడ్డాయి. ఆ చప్పుడులో చెప్పు చప్పుడు ఉందో లేదో నాకు వినపడలేదు.

ఇది రాయాలి. వినపడలేదు. చెవి పనిచెయ్యలేదు, ఇక మిగిలింది లెక్క. ముప్పై ఒకటి, తొమ్మిది, రెండు. టీచరమ్మ ఎర్ర సున్నాలు కళ్ళ ముందుకొచ్చాయి. చేతిలో జత ఉంది. ఎదుటివాడు ఊపిరి తీసుకున్నట్టు తోసే మనిషి. నా కుడి కాలు ఎడమ తొడ కింద గిలగిల కొట్టుకుంటోంది, దాని మీద నేను కూర్చున్నాను. బావ ఎదురుచూస్తున్నాడు, మొహం వైపు చూస్తున్నాడు, ఏడేళ్ళలో మొదటిసారి. అక్కడ ఏమీ దొరకలేదు పాపం.

కాల్ అన్నాను.

బావ ముక్కలు తిప్పాడు. ఏడు, ఆరు. ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ లేదు.

మెకానిక్ లేచి నిలబడ్డాడు, డబ్బా పడిపోయింది. అక్క టీ ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. బావ ఆ తొమ్మిదుల్ని చూసి, ఒక్క తొమ్మిదుల జతతోనా అన్నాడు. తర్వాత టేబుల్ కిందకి వంగి, నీ కాళ్ళేవి మరదలా, ఏడేళ్ళు వాటిని చూసుకుని బతికాను, ఇవాళ నా పొట్ట కొట్టావు కదే అని, కుర్చీలో వెనక్కి పడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడ్చాను, ఏది ఏదో తెలియలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే ఆయనే చెయ్యిచ్చి లేపాడు.

ఆయన చెప్పు సంగతి చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. వచ్చే ఆదివారం ఆడాలి కదా.

అక్క టీ ఘోరంగా ఉంది.

మార్చి 30, సోమవారం, ఉదయం 8:30

తుక్కువాడు వచ్చాడు. బావ అతనికి టీ ఇచ్చి, గ్యారేజీ వెనక పడున్న పాత బీరువా చూపించి పంపేశాడు. నేను కిందకి దిగేసరికి గొట్టం పట్టుకుని తాబేలుని కడుగుతున్నాడు. దాని మీద దుమ్ము కొత్త కారు మీద పడుతోందట, అందుకనట. పదింటికి తాబేలు తళతళా మెరుస్తుంటే తోటమాలి ఎక్కడానికి మొహమాటపడి, బూట్లు తుడుచుకుని మరీ ఎక్కాడు.

ఏప్రిల్ 9, గురువారం

టీచరమ్మ టెస్టు పాసైంది!!!

ఏప్రిల్ 12, ఆదివారం, సాయంత్రం 6:50

ఇవాళ పేక లేదు. టీచరమ్మ చెల్లెలి ఊరి నుంచి వెనక్కొస్తున్నాం, కొండ దిగుతున్న తాబేల్లో రాస్తున్నాను. నాలుగు గంటల బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆ అక్కాచెల్లెళ్ళ మాట ఆరింటికి పూర్తయింది. టీచరమ్మే నడుపుతోంది. బావ కూర్చున్న వెనక సీట్లోంచి మలుపు మలుపుకీ కిర్రు కిర్రుమంటోంది.

నేను ముందు సీట్లో బెల్టు పెట్టుకుని, చెప్పులు విడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.